నెల తప్పకముందే మొదలుపెట్టవలసిన మాత్ర: గ్రహణం మొర్రి ముప్పు తగ్గించుకోవడానికి ఫోలిక్ ఆసిడ్ వాడే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కోడలు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ ఆమెను కంటికి రెప్పలా చూసుకోవడం మనకు అలవాటే. బరువులు ఎత్తనివ్వరు, నోటికి హితవైనవి వండి పెడతారు, ఏడో నెలలో శ్రీమంతం జరిపి చేతుల నిండా గాజులు తొడుగుతారు, గ్రహణం పట్టిన రోజున గడప దాటనివ్వరు. ఈ ఆదరణలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఉన్న లోపమల్లా అది ఆలస్యంగా మొదలు కావడమే. తాను గర్భవతినన్న సంగతి తల్లికి తెలిసీ తెలియని రోజుల్లోనే బిడ్డ పైపెదవి, అంగిలి ఏర్పడే పని చాలావరకు జరిగిపోతుంది. కనుక ఆ పనికి కావలసిన పోషకాలు ఆమె ఒంట్లో ముందుగానే సిద్ధంగా ఉండాలి. వాటిలో ముఖ్యమైనది ఫోలిక్ ఆసిడ్. బిడ్డ కోసం చూస్తున్న స్త్రీలు, వారి భర్తలు, ఇరువైపుల పెద్దలు ఆ మాత్రను ఎప్పుడు, ఎంత మోతాదులో, ఎంతకాలం వాడాలో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. దీన్ని డాక్టరు సలహాకు బదులుగా తీసుకోవద్దు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, వెళ్లి ఏమడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

పెదవి ఏర్పడే రోజులు

గర్భం నిలిచిన రోజు నుంచి లెక్కిస్తే నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య బిడ్డ పెదవులు ఏర్పడతాయి. ముఖానికి ఇరువైపుల నుంచీ, నుదుటి వైపు నుంచీ పెరిగివచ్చే కణజాలం ముక్కు కింద కలుసుకుని అతుక్కుంటేనే పైపెదవి పూర్తవుతుంది. ఆ కలయిక ఒక పక్కనో, రెండు పక్కలానో జరగకుండా ఆగిపోతే పెదవిలో చీలిక మిగిలిపోతుంది. మనం గ్రహణం మొర్రి అనేది దానినే. అంగిలి ఆరో వారం నుంచి తొమ్మిదో వారం మధ్య మూసుకుంటుంది. అది మూసుకోకపోతే నోటికీ ముక్కుకూ మధ్య సందు ఉండిపోయి, బిడ్డకు పాలు చీకడం, తర్వాత మాట స్పష్టంగా పలకడం కష్టమవుతాయి. కొందరు పిల్లల్లో పెదవి మాత్రమే, కొందరిలో అంగిలి మాత్రమే, కొందరిలో రెండూ చీలి ఉంటాయి.

ఇక్కడ లెక్కలో ఒక మెలిక ఉంది. ఆసుపత్రిలో గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు కనుక, చీటీ మీద రాసే వారాలు పైన చెప్పినవాటికంటే సుమారు రెండు ఎక్కువగా ఉంటాయి. అంటే పెదవి ఏర్పడే కాలం చీటీ లెక్కలో ఆరు నుంచి తొమ్మిది వారాలన్నమాట. నెలసరి రాలేదని గమనించి, మరో వారం పది రోజులు చూసి, ఇంట్లో పరీక్ష చేసుకుని, పెద్దలకు చెప్పి, మంచిరోజు చూసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి ఎనిమిది, పది వారాలు గడిచిపోవడం మన ఇళ్లలో వింత కాదు. ఆ రోజు డాక్టరు ఫోలిక్ ఆసిడ్ రాసిచ్చినా, అప్పటికి పెదవి పని దాదాపు ముగిసిపోయి ఉంటుంది. వెన్నుపాముకూ మెదడుకూ మూలమైన నాళమైతే ఇంకా ముందే, గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. ఆలస్యమైంది కదా అని మాత్ర వద్దనుకోవడం కూడా పొరపాటే. అంగిలి పని ఇంకా సాగుతూ ఉండవచ్చు, పైగా తల్లికి రక్తం పట్టడానికీ బిడ్డ పెరుగుదలకూ ఆ విటమిన్ కావాలి. అయితే పెదవి విషయంలో దాని మేలు అందాలంటే నెల తప్పకముందే మొదలుపెట్టి ఉండాలి.

గ్రహణం గురించిన భయానికి సమాధానం కూడా ఈ లెక్కలోనే ఉంది. గ్రహణ వేళ తిరుమల ఆలయం తలుపులు మూసి ఉంచడం, శ్రీకాళహస్తి ఆలయం తెరిచే ఉండి పూజలు జరగడం చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. గ్రహణాన్ని పాటించాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వారిది. కానీ గర్భవతి ఆ వేళ బయటికి వచ్చినందువల్లనో, కత్తిపీట ముందు కూర్చున్నందువల్లనో బిడ్డ పెదవి చీలదు. ఐదో నెలలోనో ఏడో నెలలోనో గ్రహణం వస్తే, అప్పటికి బిడ్డ పెదవి అతుక్కుని నెలలు గడిచి ఉంటాయి. ఒకసారి అతుక్కున్న పెదవి ఆకాశంలో జరిగేదాన్ని బట్టి మళ్లీ విడిపోదు. మొర్రితో బిడ్డ పుట్టిన ఇంట్లో "గ్రహణం నాడు నువ్వేం చేశావమ్మా?" అని తల్లిని నిలదీయడం నేటికీ ఉంది. పచ్చి బాలింతను అలా నొప్పించడం అన్యాయమని గట్టిగా చెప్పదలచుకున్నాను. గ్రహణం పేరు చెప్పి గర్భవతిని గంటల తరబడి మంచినీళ్లు కూడా తాగనివ్వకుండా ఉంచడం ఆమెకు మంచిది కాదు.

ఈ మాత్ర ఎంతవరకు కాపాడుతుంది

ఫోలిక్ ఆసిడ్ బి9 విటమిన్. ఆకుకూరల్లో, పప్పుల్లో సహజంగా ఉండే రూపాన్ని ఫోలేట్ అనీ, మాత్రల కోసం తయారుచేసే రూపాన్ని ఫోలిక్ ఆసిడ్ అనీ అంటారు. ఒక కణం రెండుగా విడిపోవాలంటే దానిలోని డీఎన్‌ఏకు మరో ప్రతి తయారు కావాలి, ఆ తయారీకి ఫోలేట్ తప్పనిసరి. కణాలు అత్యంత వేగంగా పెరిగే గర్భపు తొలి వారాల్లో దాని అవసరం ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఈ విటమిన్ చరిత్రలో మన దేశానికి పెద్ద చోటే ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీలకు గర్భసమయంలో వచ్చే ఒక రకం రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్టు సారం ఇస్తే అది తగ్గుతుందని గుర్తించారు. ఆ సారంలో పనిచేసింది ఫోలేట్ అని తర్వాతి కాలంలో తేలింది.

మాత్ర వేసుకుంటే మొర్రి రానే రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. ఫోలిక్ ఆసిడ్ వెన్నుపాము, మెదడు లోపాలను చాలావరకు నివారిస్తుందన్నది తిరుగులేకుండా రుజువైన సంగతి. అంతకుముందు అటువంటి లోపంతో బిడ్డను కన్న తల్లుల మీద బ్రిటన్ వైద్య పరిశోధన మండలి జరిపించిన పరీక్షలో, ఫోలిక్ ఆసిడ్ వాడినవారికి ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో వెల్లడైంది. పెదవి చీలిక విషయంలో ఆధారాలు ఉన్నాయి గాని అంత బలమైనవి కావు. నార్వేలో జరిగి 2007లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, తొలి వారాల్లో రోజుకు 400 మైక్రోగ్రాములో అంతకంటే ఎక్కువో ఫోలిక్ ఆసిడ్ వాడిన తల్లుల పిల్లల్లో పెదవి చీలిక ముప్పు సుమారు మూడో వంతు తక్కువగా కనిపించింది. అంగిలి మాత్రమే చీలిన పిల్లల విషయంలో ఆ తేడా కనిపించలేదు. ఫోలేట్ ఎక్కువగా ఉండే ఆహారం తింటూ, ఫోలిక్ ఆసిడ్‌తో పాటు ఇతర విటమిన్లూ తీసుకున్న తల్లుల్లో ముప్పు అందరికంటే తక్కువగా ఉన్నట్టు అదే అధ్యయనం చూపింది. మరోవైపు, అప్పటివరకు జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ సమీక్షలో చీలికల నివారణకు స్పష్టమైన రుజువు దొరకలేదు.

ఇంత సందేహం ఉన్నప్పుడు మాత్ర ఎందుకు వాడాలని ఎవరికైనా అనిపించవచ్చు. నా ఉద్దేశంలో వాడి తీరాలి. వెన్నుపాము లోపాల నుంచి కాపాడుతుందన్నది ఖాయం కనుక ఆ ఒక్క కారణంతోనే ప్రతి స్త్రీ దీన్ని వాడవలసి ఉంది. పెదవి విషయంలో దక్కే మేలు దానితో పాటే వస్తుంది. సరైన మోతాదులో వాడితే చెప్పుకోదగిన హాని లేదు, ఖర్చు కూడా చాలా తక్కువ. అయితే మొర్రికి కారణాలు అనేకం: వంశపారంపర్యం, కొన్ని మందులు, పొగ, అదుపులో లేని షుగరు, ఎంత వెదికినా దొరకని కారణాలు. క్రమం తప్పకుండా మాత్రలు వేసుకున్న తల్లికి కూడా మొర్రి ఉన్న బిడ్డ పుట్టవచ్చు, అంతమాత్రాన ఆమె వల్ల లోపం జరిగినట్టు కాదు.

ఎంత మోతాదు, ఎప్పటి నుంచి, ఎప్పటివరకు

సాధారణ ఆరోగ్యంతో ఉండి బిడ్డ కోసం చూస్తున్న స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ చాలు. గర్భం దాల్చడానికి ముందు నుంచి మొదటి మూడు నెలలు నిండేవరకు ఇదే మోతాదును రోజూ తీసుకోవాలని మన దేశపు రక్తహీనత నివారణ కార్యక్రమం కూడా చెబుతోంది. గర్భానికి కనీసం ఒక నెల ముందు మొదలుపెట్టాలన్నది అందరూ చెప్పే మాట. వీలుంటే మూడు నెలల ముందే మొదలుపెట్టమని నేను చెబుతాను. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక, కొత్తగా పుట్టే కణాలన్నింటికీ ఫోలేట్ చేరి ఒంట్లో నిల్వ తగినంత పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఆచరణలో దీనికి మన ఇళ్లలో ఒక సులువైన గుర్తు పెట్టుకోవచ్చు. వెంటనే పిల్లలు కావాలనుకుంటున్న జంట అయితే, లగ్నపత్రిక రాసుకున్న రోజు నుంచే పెళ్లికూతురు ఈ మాత్ర మొదలుపెట్టడం మంచిది. పెళ్లి పనుల జాబితాలో పట్టుచీరలు, పత్రికలతో పాటు ఇదీ చేరాలి. బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసం కాపర్-టీ వేయించుకున్నవారు అది తీయించుకోవడానికి, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు వాటిని ఆపడానికి రెండు మూడు నెలల ముందే ఫోలిక్ ఆసిడ్ ప్రారంభించాలి. అనుకోకుండా నెల తప్పడం ఎక్కడైనా జరిగేదే కనుక, గర్భనిరోధక పద్ధతి ఏదీ వాడని వివాహిత ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటున్నా సరే రోజూ వేసుకుంటూ ఉండడమే మేలు. "ఇంకా నెలే తప్పలేదు, అప్పుడే మాత్రలు దేనికే?" అని అత్తగారో అమ్మమ్మో అడిగితే, నెల తప్పాక మొదలుపెడితే పెదవి, వెన్ను ఏర్పడే రోజులకు మందు అందదని డాక్టరు చెప్పారని నెమ్మదిగా చెప్పండి. ఆ మాట భర్త నోటి నుంచి వస్తే ఇంట్లో ఇంకా తొందరగా చెల్లుతుంది.

ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లినప్పుడు, ఎలాగూ భర్తతో లేను కదా అని మాత్ర ఆపేయడం సరికాదు. ఒంట్లో నిల్వ పెరగడానికి ఆ నెల కూడా లెక్కలోకి వస్తుంది. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య తిరిగేటప్పుడు మరచిపోకుండా ఒక స్ట్రిప్పు చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

దుకాణంలో ఏ మాత్ర అడగాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను. మందుల దుకాణానికి వెళ్లి ఫోలిక్ ఆసిడ్ ఇవ్వమంటే సాధారణంగా చేతికి వచ్చేది 5 మిల్లీగ్రాముల చిన్న పసుపు మాత్ర. ఒక మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు కనుక, ఆ ఒక్క మాత్రలో ఉన్నది 5000 మైక్రోగ్రాములు, అంటే మనకు కావలసిన 400కు పన్నెండున్నర రెట్లు. స్ట్రిప్పు వెనుక అంకె పక్కన ఎంజీ అని ఉందా, ఎంసీజీ అని ఉందా అన్నది చూసుకోవాలి. ఎంసీజీ అంటే మైక్రోగ్రాములు. 400 ఎంసీజీ అని ఉన్నా, 0.4 ఎంజీ అని ఉన్నా రెండూ ఒక్కటే. దుకాణంలో అడిగేటప్పుడే అంకెతో సహా అడగండి. అది లేదంటే 5 మిల్లీగ్రాములది తెచ్చుకుని సొంతంగా వాడకుండా, మీ డాక్టరును గాని ఏఎన్‌ఎంను గాని అడిగి వారు చెప్పినట్టు చేయండి. 5 మిల్లీగ్రాముల మాత్ర విషం కాదు, కొందరికి డాక్టర్లు కావాలనే అది రాస్తారు. అయితే ఎక్కువ మోతాదు వాడుతూ ఉంటే బి12 విటమిన్ లోపం వల్ల వచ్చే రక్తహీనత పైకి కనబడకుండా పోయి, లోపల నరాలకు జరిగే నష్టం మాత్రం సాగిపోయే ప్రమాదం ఉంది. గుడ్డు, మాంసం ముట్టని కుటుంబాల్లో బి12 తక్కువగా ఉండడం మామూలే కనుక, శాకాహారులు గర్భానికి ముందే ఒకసారి బి12 పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది.

ప్రభుత్వం ఇచ్చే మాత్రల రంగులు కూడా తెలిసి ఉండాలి. బడుల్లో, కళాశాలల్లో చదివే వయసు ఆడపిల్లలకు వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలం మాత్రలోనూ, పెద్ద స్త్రీలకూ గర్భవతులకూ ఇచ్చే ఎర్ర మాత్రలోనూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర రోజువారీ 400 మైక్రోగ్రాములకు సాటి రాదు. గర్భవతికి రోజూ ఇచ్చే ఎర్ర మాత్ర నాలుగో నెలలో మొదలవుతుంది కనుక పెదవి విషయంలో దానివల్ల ఒరిగేది ఏమీ ఉండదు. ఆ ఎర్ర మాత్రకు ముందు దశలో వాడవలసిన, ఐరన్ లేని ఫోలిక్ ఆసిడ్ మాత్ర కావాలని ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో విడిగా అడగాలి. ఊరికి 104 బండి వచ్చిన రోజు అడిగినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడిగినా సరే. "నేను ఇంకా గర్భవతిని కాను, కావాలనుకుంటున్నాను" అని నోరు తెరిచి చెప్పడానికి మొహమాటపడవద్దు.

రోజూ వేసుకోవడం

ఫోలిక్ ఆసిడ్ తిన్న తర్వాతైనా, పరగడుపునైనా మంచినీళ్లతో వేసుకోవచ్చు. రోజూ ఒకే వేళ పెట్టుకుంటే మరచిపోవడం తగ్గుతుంది. పొద్దున పళ్లు తోముకున్న వెంటనే వేసుకోవడం చాలామందికి అలవాటవుతుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వారానికో షిఫ్టు చేసేవారు గడియారం బట్టి కాకుండా, నిద్ర లేచిన వెంటనే అని నియమం పెట్టుకుంటే మేలు. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు ఆ రోజు కూడా మాత్ర మానవలసిన పనిలేదు. ఒక రోజు మరచిపోతే మర్నాడు మామూలుగా ఒకటే వేసుకోవాలి గాని, రెండు కలిపి మింగకూడదు. వేవిళ్లలో మాత్ర నిలవక వాంతి అవుతుంటే, కడుపు కొంచెం కుదుటపడే వేళ, చాలామందికి సాయంత్రమో రాత్రి పడుకోబోయే ముందో, వేసుకుని చూడండి. అప్పటికీ నిలవకపోతే డాక్టరుకు చెప్పండి.

తిండి

మాత్ర ఉంది కదా అని తిండిని, మంచి తిండి ఉంది కదా అని మాత్రను వదిలిపెట్టకూడదు. తిండిలోని ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు నశిస్తుంది. మిగిలినదానిలోనూ ఒంటికి పట్టేది మాత్రలోని దానికంటే తక్కువ. అందుకే తిండితోనే 400 మైక్రోగ్రాముల మాత్రకు సరిసమానంగా పొందడం కష్టం. అయినా నార్వే అధ్యయనంలో చూసినట్టు తిండి, మాత్ర కలిసి ఉన్నప్పుడే ఫలితం బాగుంది.

మన వంటిళ్లు ఈ విషయంలో అదృష్టం చేసుకున్నవే. పాలకూర, తోటకూర, మెంతికూర, కందిపప్పు, పెసలు, శనగలు, అలసందలు, చలికాలంలో వచ్చే అనపగింజలతో చేసే పితికిపప్పు, ఇవన్నీ ఫోలేట్ ఉన్నవే. చెనిక్కాయలు కూడా ఈ కోవలోవే కనుక, సంగటిలోకి నూరుకునే చెనిక్కాయల ఊరిబిండి రుచికే కాక దీనికీ పనికొస్తుంది. ఆకుకూరను ముందు కడిగి తర్వాత తరగాలి. ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనే కలిపి ఎనపాలి. మూత పెట్టి, అవసరమైనంతసేపే ఉడికించాలి. కాలేయంలో ఫోలేట్ చాలా ఉన్నా, అందులో ఎ విటమిన్ కూడా మరీ ఎక్కువగా ఉంటుంది. గర్భపు తొలి నెలల్లో ఎ విటమిన్ మితిమీరడం బిడ్డకు మంచిది కాదు కనుక, ఆ రోజుల్లో దాన్ని దూరం పెట్టడమే మంచిది.

రేషన్ బియ్యం గురించి ఒక మాట. ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యం మన ఇళ్లకు వస్తే, చేటలో పోసి ఏరేటప్పుడు ఆ గింజలు మిగతావాటికంటే కొంచెం వేరే రంగులో కనిపిస్తాయి, నీళ్లలో వేస్తే కొన్ని తేలుతాయి. వాటిని ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేస్తున్నవారు ఉన్నారు. అవి బియ్యప్పిండితో చేసినవే, ఏరివేయవద్దు, కడిగిన నీళ్లతో పారబోయవద్దు. అయితే ప్రమాణాల ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో ఉండే ఫోలిక్ ఆసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు మాత్రమే కనుక, రోజూ అదే అన్నం తిన్నా మాత్ర అవసరం తీరదు.

సొంతంగా మొదలుపెట్టకుండా ముందు డాక్టరును కలవవలసినవారు

ఫిట్స్ మందులు వాడేవారిది అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన పరిస్థితి. వాల్ప్రోయేట్, ఫెనిటాయిన్, టోపిరమేట్ వంటి మందులు బిడ్డలో పుట్టుక లోపాల ముప్పును పెంచుతాయి, వాటిలో పెదవి, అంగిలి చీలికలు కూడా ఉన్నాయి. అలాగని భయపడి మందు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెట్టి తల్లికే ప్రాణాపాయం కావచ్చు. ఫోలిక్ ఆసిడ్ ఎక్కువ మోతాదులో వాడితే రక్తంలో ఫెనిటాయిన్ స్థాయి తగ్గే అవకాశం కూడా ఉంది. అందుకే గర్భానికి కొన్ని నెలల ముందే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి, మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా, ఫోలిక్ ఆసిడ్ ఎంత వాడాలన్నది తేల్చుకోవాలి. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో నరాల విభాగం ఉంది కనుక తిరుపతి చుట్టుపక్కలవారికి ఇది దూరాభారం కాదు.

వెన్నుపాము లోపంతో బిడ్డను కన్నవారికి రోజుకు 4 మిల్లీగ్రాముల మోతాదు అవసరం. మన వద్ద దొరికేది 5 మిల్లీగ్రాములది కనుక డాక్టర్లు సాధారణంగా దాన్నే రాస్తారు. షుగరు ఉన్నవారికీ, బరువు చాలా ఎక్కువగా ఉన్నవారికీ కూడా డాక్టరు ఎక్కువ మోతాదు సూచించవచ్చు. షుగరు ఉన్నవారు గర్భానికి ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవడం మాత్ర కంటే తక్కువ ముఖ్యమేమీ కాదు. కీళ్లవాతానికో సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడుతున్నవారికి గర్భం రానే కూడదు. ఆ మందు ఫోలేట్ పనికే అడ్డుపడుతుంది కనుక, దాన్ని డాక్టరు సలహాతో ఆపి, చెప్పినంత కాలం ఆగాలి.

పెళ్లికి ముందు ముఖం మీద మొటిమలు తగ్గాలని వాడే ఐసోట్రెటినాయిన్ గుళికల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇవి బిడ్డ ముఖం, గుండె, మెదడులో తీవ్రమైన లోపాలు కలిగిస్తాయి. ఆపిన తర్వాత కనీసం ఒక నెల గడిచేవరకు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లి దగ్గరపడిన అమ్మాయి చర్మ వైద్యుడికి పెళ్లి తేదీ తప్పనిసరిగా చెప్పాలి, తల్లులు కూడా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. పొగాకు ఏ రూపంలోనూ పనికిరాదు. ఇంట్లో బీడీ, సిగరెట్టు తాగే మగవారు భార్య గర్భం కోసం చూస్తున్నప్పటి నుంచే మానడం ఆమెకు చేసే అసలైన సాయం.

మొర్రి ఉన్న బిడ్డ ఇప్పటికే ఉన్న కుటుంబాలు

తల్లిదండ్రులిద్దరికీ లేకుండా ఒక బిడ్డకు మొర్రి వచ్చి ఉంటే, తర్వాతి బిడ్డకు కూడా వచ్చే అవకాశం నూటికి సుమారు మూడు నుంచి ఐదు వరకు ఉంటుంది. అంటే తొంభై ఐదుకు పైగా సందర్భాల్లో రాదు. తల్లికో తండ్రికో కూడా ఉంటే, దగ్గరి బంధువుల్లో మరికొందరికి ఉంటే అది పెరుగుతుంది. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం మన వైపు ఉన్న పద్ధతులే. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయినవారి పిల్లల్లో పుట్టుక లోపాల ముప్పు కొంత ఎక్కువ. దాన్ని ఫోలిక్ ఆసిడ్ పూర్తిగా తీసివేయలేదు. ఇటువంటి కుటుంబాలు తర్వాతి గర్భానికి ముందే జన్యు వైద్యులను కలిస్తే ముప్పు ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. చిత్తూరువారికి దగ్గరలోని వేలూరు సీఎంసీలో అందుకు ప్రత్యేక విభాగం ఉంది. ఇటువంటి తల్లులకు ఎక్కువ మోతాదు ఇస్తే మరింత మేలు జరుగుతుందేమోనని బ్రెజిల్‌లో పరీక్షించి చూశారు. 4 మిల్లీగ్రాములు వాడినవారికీ 0.4 మిల్లీగ్రాములు వాడినవారికీ మధ్య తేడా కనబడలేదని 2013లో వెలువడిన ఫలితం చెప్పింది. కనుక మొదటి బిడ్డకు మొర్రి ఉందని మీ అంతట మీరు పెద్ద మాత్ర వాడవద్దు. కొందరు డాక్టర్లు రాస్తారు, రాస్తే కారణం అడిగి తెలుసుకుని వాడండి.

గర్భం 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూడడానికి చేసే టిఫ్ఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలాసార్లు కనిపిస్తుంది, అంగిలి ఒక్కటే చీలి ఉంటే తరచుగా కనిపించదు. మొదటి బిడ్డకు ఉన్న సంగతి స్కాన్ చేసే డాక్టరుకు ముందే చెబితే పెదవిని ప్రత్యేకంగా పరిశీలిస్తారు. మొర్రి ఉందని తెలిస్తే గుండె చెదరవలసిన పనిలేదు. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. పుట్టిన బిడ్డలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కూడా పెదవి, అంగిలి చీలికలు చేరి ఉన్నాయి కనుక, ఏఎన్‌ఎం ద్వారా అక్కడి నుంచి పంపించమని అడగవచ్చు. ఆపరేషన్ వరకు బిడ్డ బరువు పెరగడం ముఖ్యం. చీకలేని బిడ్డకు తల్లిపాలు పిండి, బిడ్డను నిటారుగా ఎత్తి పట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి.

మూడు నెలలు నిండాక

గర్భం పన్నెండు వారాలు దాటిన తర్వాత ఒక్క ఫోలిక్ ఆసిడ్ మాత్ర స్థానంలో ఐరన్ కలిసిన ఎర్ర మాత్ర మొదలవుతుంది. దాన్ని నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు రోజుకొకటి చొప్పున వేసుకోవాలి. ఈ మాత్రను కాఫీ, టీలతోనూ, పాలతోనూ వేసుకోకూడదు. ఐరన్ ఒంటికి పట్టదు. మలం నల్లగా రావడం మామూలే, దానికి భయపడి ఆపవద్దు. కాన్పు తర్వాతి మాత్రలు అయిపోయే రోజు దగ్గరపడగానే, మరో బిడ్డ కావాలా, ఎప్పుడు కావాలన్నది భార్యాభర్తలు మాట్లాడుకుని, కావాలనుకుంటే 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్‌ను మధ్యలో ఖాళీ లేకుండా మళ్లీ మొదలుపెట్టాలి. రెండో గర్భం చాలాసార్లు అనుకున్నదానికంటే ముందే వస్తుంది కనుక, నెలసరి తిరిగి మొదలయ్యేవరకు ఆగుదాములే అనుకోవద్దు.